లేని మచ్చ

గంగాభవాని కడుపు మీద, కుడివైపు, ఒక కోత మచ్చ ఉండాలి. లేదు. రైల్వే ఆస్పత్రి కాగితాల ప్రకారం ఐదేళ్ళ కిందట ఆవిడకి అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. నిజానికి జరిగింది ఆవిడ తోటికోడలు రత్నానికి. ఈ సంగతి ఆ ఇంట్లోవాళ్ళకి తప్ప ఖరగ్‌పూర్‌లో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఏమవుతుందో మాత్రం ఊరందరికీ తెలుసు.

అది ఎనభై ఆరు నాటి మాట. గంగాభవాని మొగుడు తవిటయ్య వర్క్‌షాప్‌లో ఫిట్టరు. అతని తమ్ముడు దేముడు అద్దెకి తెచ్చిన సైకిల్ రిక్షా తొక్కేవాడు. అన్నకి రైల్వే దక్కింది, తమ్ముడికి రోడ్డు దక్కింది. అయినా రెండు కాపురాలూ, ముసలితల్లి పైడమ్మతో సహా, పూరీ గేట్ దగ్గర తవిటయ్యకిచ్చిన రెండు గదుల క్వార్టర్లోనే సర్దుకున్నాయి. అన్నం కుండ ఒకటే, పొయ్యి ఒకటే, అందరికీ కలిసి ఉండనిది మెడికల్ కార్డు ఒక్కటే. దాని మీద తవిటయ్య పెళ్ళానికి, పిల్లలకి, తల్లికి చోటుంది. వాళ్ళకి జ్వరం మొదలుకొని ఆపరేషన్ దాకా ఏదైనా ఊరికే చేస్తారు. తమ్ముడి పెళ్ళానికి అందులో చోటు లేదు. తమ్ముడి పెళ్ళానికి కడుపు ఉండదని రూలు రాసినవాళ్ళు అనుకున్నారు కాబోలు.

రత్నానికి కడుపునొప్పి వచ్చినప్పుడు దేముడు ఆమెని తన రిక్షాలోనే మలంచాలోని ఒక నర్సింగ్‌హోముకి తీసుకుపోయాడు. కౌంటర్లో కూర్చున్నాయన రోగి వైపు చూడను కూడా చూడలేదు. "ఆగే జమా, తార్‌పర్ భర్తీ" అన్నాడు. ముందు సొమ్ము కట్టు, ఆ తర్వాతే చేర్చుకుంటాం అని. మన వైపు ఉద్యోగాలు భర్తీ చేస్తారు, ఖరగ్‌పూర్‌లో మనుషుల్నే భర్తీ చేస్తారు. ఆయన చెప్పిన సొమ్ము దేముడు ఏడాదంతా తొక్కినా చేతికి రాదు. ఆ ఊరి సర్కారు ఆస్పత్రిలో కడుపు కోసే డాక్టరు లేడు. అదే రిక్షాలో రత్నాన్ని ఇంటికి తెచ్చేశాడు. తలుపు దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అప్పుడు పైడమ్మ చెప్పింది ఉపాయం. ఇద్దరు కోడళ్ళదీ ఒకటే ఈడు, ఒకటే చాయ, కార్డు మీద ఫొటో లేదు. రత్నం గంగాభవాని పేరున పోతే అడిగేవాళ్ళెవరు? ప్రభుత్వం దృష్టిలో అది మోసం, పైడమ్మ దృష్టిలో ఇంటి సామాను ఇంట్లోవాళ్ళు వాడుకోవడం. గంగాభవాని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కార్డు తీసి చేతిలో పెట్టింది.

ఆస్పత్రిలో నర్సు మొగుడి పేరు అడిగింది. రత్నం బావగారి పేరు తన మొగుడి పేరుగా చెప్పాలి. ఏ నోటితో చెబుతుంది? సిగ్గుతో ప్రాణం చచ్చిపోయి కళ్ళు మూసుకుంది. తెలుగు ఆడవాళ్ళు మొగుడి పేరు చెప్పరని నర్సుకి ముందే తెలుసు. నవ్వుకుంటూ కార్డు చూసి తనే రాసుకుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు, ఇంకాస్త ఆలస్యం చేసి ఉంటే లోపల పగిలిపోయి మనిషి దక్కేది కాదన్నాడు. రత్నం ఇంటికొచ్చేదాకా గంగాభవాని గడప దాటలేదు. ఆస్పత్రిలో ఉన్న మనిషి బజార్లో కనిపించకూడదు కదా. ఇంట్లో దాక్కున్న ఆ రోజుల్లో ఆవిడకి లోపల్లోపల గర్వంగా కూడా ఉండేది. తన పేరు ఆస్పత్రికి పోయి ఒక ప్రాణాన్ని వెనక్కి తెచ్చింది.

ఆ గర్వం నూకరాజుతో సరి. నూకరాజు తవిటయ్య పక్క బెంచీ మీద పనిచేసే మనిషి. అతనూ ఇలాగే తన బావమరిదిని తన పేరున ఆస్పత్రిలో పెట్టి దొరికిపోయాడు. సస్పెండ్ చేశారు, ఎంక్వయిరీ చేశారు, చివరికి ఉద్యోగమే తీసేశారు. క్వార్టర్ ఖాళీ చేయించిన రోజు సామాన్లన్నీ వానలో రోడ్డు మీద ఉన్నాయి. ఇప్పుడు పూరీ గేట్ దగ్గర తోపుడుబండి మీద ఉడకబెట్టిన గుడ్లు అమ్ముకుంటున్నాడు. తవిటయ్య డ్యూటీకి పోయే దారి అదే. అప్పట్నుంచి అతను వేరే దారిన చుట్టు తిరిగి పోతాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తొంభై ఒకటిలో వానలు పడుతుండగా గంగాభవానికి కడుపునొప్పి వచ్చింది.

మొదట బొడ్డు చుట్టూ మెలిపెట్టింది. రెండుసార్లు వాంతి అయింది. చద్దన్నం పడలేదనుకుని వామునీళ్ళు తాగింది. సాయంత్రానికి నొప్పి మెల్లగా దిగి కుడివైపు ఒకచోట కూర్చుంది. అక్కడ వేలు పెట్టి నొక్కి చూసుకుని, గంగాభవాని వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడిపోయింది. రత్నం ఎక్కడ చెయ్యి పెట్టుకుని పొర్లిందో ఆవిడకి బాగా గుర్తు. అదే చోటు. ఒళ్ళంతా చల్లబడిపోయింది. నొప్పి వల్ల కాదు, భయం వల్ల.

మర్నాడు ఒక్కతే రైల్వే ఆస్పత్రికి పోయింది. పోకుండా ఉండలేకపోయింది. పోయి నిజం చెప్పనూ లేకపోయింది. చిన్న డాక్టరమ్మ పాత కాగితాలు తిరగేసి, ఎక్కడమ్మా నొప్పి అని అడిగింది. గంగాభవాని చెయ్యి పైకి పోయింది. రొమ్ముల కింద, కడుపు నడిమధ్య చూపించింది. కుడివైపు చూపిస్తే చీర తప్పించి చూస్తారు, చూస్తే మచ్చ ఏదని అడుగుతారు. డాక్టరమ్మ చూపించినచోటే నొక్కి చూసి, గ్యాస్ అని చెప్పి మందుసీసా రాసిచ్చింది. ఆవిడ తప్పేముంది? తాళం ఒకచోట ఉంటే గంగాభవాని ఇంకోచోట వెతికించింది. సీసా పట్టుకుని ఇంటికొస్తూ దారిలో రెండుచోట్ల కూర్చుంది.

ఆదివారం పొద్దునకి నడుం నిటారుగా నిలవలేదు. జ్వరం పట్టుకుంది. నీళ్ళ బిందె దగ్గర వంగి ఉన్న గంగాభవానిని రత్నం చూసింది. కుడివైపు అదిమిపట్టుకున్న చేతినీ చూసింది. ఆమెకి ఇంకేమీ చెప్పనక్కరలేకపోయింది.

"అక్కడే కదక్కా?" అంది.

గంగాభవాని తలూపింది. రత్నం బిందె అక్కడే వదిలేసి ఆవిడ కాళ్ళు పట్టుకుంది. నా కోసమే నీకిలా అయిందని ఒకటే ఏడుపు. గంగాభవానికి ఓదార్చే ఓపిక లేదు. పైగా ఆ క్షణాన రత్నం మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ నునుపైన మచ్చ వేసుకుని ఐదేళ్ళుగా హాయిగా తిరుగుతోంది కదా అనిపించింది. అలా అనిపించినందుకు తనని తనే అసహ్యించుకుంది.

తవిటయ్య పరుగున మలంచా పోయాడు. అదే నర్సింగ్‌హోము, అదే కౌంటరు. రంగు మారింది, అడ్వాన్సు పెరిగింది, మాట మాత్రం మారలేదు. రైల్వే సొసైటీలో అప్పు అడుగుదామంటే, దేముడికి సొంత రిక్షా కొనిపెట్టడానికి తీసిన పాత అప్పే ఇంకా జీతంలో కోసుకుంటున్నారు. దేముడు ఆ రిక్షా అమ్మేస్తానన్నాడు. కొనేవాడు దొరికాడు గానీ వాడూ నెలనెలా ఇస్తానన్నాడు. ఆఖరికి తవిటయ్య సిగ్గు విడిచి తోటి పనివాళ్ళ ఇళ్ళు తిరిగాడు, ఎవరైనా తమ పెళ్ళాం కార్డు ఇస్తారేమోనని. ఐదేళ్ళ కిందట అయితే ఒకరైనా ఇచ్చేవారు. నూకరాజు తర్వాత ఎవరిస్తారు? టీ తాగి పొమ్మన్నారు, కార్డు మాటెత్తితే గుమ్మం బయట వాన వైపు చూశారు.

తడిసి ఇంటికొచ్చి తవిటయ్య మంచం పక్కన కూర్చున్నాడు. రైల్వే ఆస్పత్రికే పోదామన్నాడు. పోతే మచ్చ అడుగుతారు అంది గంగాభవాని. కార్డు పోయిందని చెబుదామన్నాడు దేముడు. కార్డు పోతే ఏం, ఆస్పత్రిలో ఉన్న కాగితం పోదు కదా అన్నాడు అన్న. ఆ గదిలో అందరూ ఒకే గోడకి తల కొట్టుకుంటున్నారు.

పైడమ్మ మూల కూర్చుని అన్నీ వింటోంది. ఆవిడ వాత పెట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. పిల్లలకి పొట్ట ఉబ్బినా పచ్చకామెర్లు వచ్చినా పూరీ గేట్ తెలుగువాళ్ళు ఇప్పటికీ డాక్టరు కంటే ముందు ఆవిడ దగ్గరికే తెస్తారు. ఎర్రగా కాల్చిన ఇనుము ఒక్కసారి తాకించి తీసేస్తుంది.

"మచ్చుండాల్సిన కాడ వాత పెట్టెద్దారి," అంది. "నొప్పొస్తే వాత పెట్టుకున్నాం, పాత మచ్చ దానికిందే ఉన్నాదని సెప్పండి. కాలిన తోలు కింద ఏటున్నాదో ఏ డాక్టరు సూడగలడు?"

అందరికీ ఒళ్ళు జలదరించింది. అందరికీ అది పనికొచ్చే మాటలాగే తోచింది కూడా. భయం ముదిరినప్పుడు మనిషికి బుద్ధి పనిచేయదని కాదు, మహా చురుగ్గా పనిచేస్తుంది, తప్పు దిక్కున.

రత్నం ఒక్కతే ఎదురుతిరిగింది. "నానే పోతాను బావా. నా కడుపు సూపించి, మా అక్కది కాదు బాబూ, ఈ కోత నాదని సెప్పేస్తాను. నన్ను జైల్లో ఎట్టుకుంటే ఎట్టుకోనీ."

తవిటయ్య తలెత్తి ఆమె వైపు చూడలేదు. "నిన్నెవులూ జైల్లో ఎట్టరు," అన్నాడు. "నా నౌకరీ తీసేస్తారు. నౌకరీ పోతే ఈ కొంప పోతాది. రేపు మీ అక్క బతికినా ఎక్కడ పడుకోబెడదాం సెప్పు?"

ఆ మాట విని గంగాభవాని కళ్ళు మూసుకుంది. బతికినా అన్నాడు. ఇద్దరు ఆడపిల్లలు పక్కగదిలో పుస్తకాలు ముందేసుకుని చదువుతున్నట్టు నటిస్తున్నారు. వానలో రోడ్డు మీద పడున్న నూకరాజు సామాన్లు కళ్ళముందుకొచ్చాయి. ఒక బొగ్గుల పొయ్యి, ఒక రేడియో, బోర్లా పడిన పిల్లల బల్ల. "పెట్టత్తా," అంది.

అట్లకాడ కాడని బొగ్గుల పొయ్యిలో గుచ్చారు. నోట్లో పెట్టుకోడానికి రత్నం చీరకొంగు మడిచి ఇచ్చింది. మామూలు వాతలా తాకించి తీయడానికి లేదు, మచ్చ ఉండాల్సిన పొడుగంతా కాలాలి. గంగాభవానికి ముందు చురుక్కుమన్న చప్పుడు వినిపించింది, ఆ తర్వాత వాసన, ఆ తర్వాతే మంట. మంట వచ్చాక లోపలి నొప్పి ఏదో పైనొప్పి ఏదో తెలియలేదు. తవిటయ్య ఆవిడ భుజాలు పట్టుకుని గోడ వైపు తిరిగి ఉన్నాడు.

దేముడు రిక్షాకి పరదా కట్టాడు. రైల్వే ఆస్పత్రి ఎమర్జెన్సీలో ఆ మధ్యాహ్నం డ్యూటీలో ఉన్నది ఒక పెద్దవయసు బెంగాలీ డాక్టరు. పక్కన ఆయా కృపమ్మ. ఆవిడ కూడా పూరీ గేట్ మనిషే, తెలుగు చర్చిలో పాటలు పాడే గొంతు. తెలిసిన ముఖం కనబడితే ధైర్యం రావాలి. గంగాభవానికి ఇంకో భయం తోడైంది.

డాక్టరు చీర తప్పించి చూసి మండిపడ్డాడు. ఎవరు చేశారీ పశువుల వైద్యం అని హిందీలో తవిటయ్యని తిట్టాడు. తవిటయ్య చేతులు కట్టుకుని నిలబడి, పాత ఆపరేషన్ మచ్చ దగ్గర నొప్పి అంటే మా అమ్మ వాత పెట్టింది సార్ అని అప్పజెప్పాడు. డాక్టరు కాగితాలు చూశాడు. అపెండిక్స్, ఎనభై ఆరు. మళ్ళీ కడుపు చూశాడు. వేలితో మెల్లగా నొక్కాడు. గంగాభవాని కెవ్వుమంది. కాలినచోట నొక్కితే కెవ్వుమనదా అని ఆయన చెయ్యి తీసేశాడు.

అంతే. మచ్చ గురించి ఇంకేమీ అడగలేదు. జ్వరం మామూలుదే అయి ఉంటుంది, కాలినచోటు చీము పట్టకుండా చూడాలి, అపెండిక్స్ ఎప్పుడో తీసేశారు గనక ఆ బాధ లేదు, పూత రాసి, సెలైన్ పెట్టి రెండు రోజులు ఉంచి చూద్దాం అన్నాడు. తవిటయ్య గుండెలనిండా ఊపిరి వదలడం గంగాభవానికి వినిపించింది. డాక్టరు తిట్టినందుకు నొచ్చుకున్నాడో ఏమో, ఆవిడ తల మీద చెయ్యి వేశాడు.

"భొయ్ నేయ్, మా," అన్నాడు. భయం లేదమ్మా అని.

అప్పుడు పట్టుకుంది గంగాభవానికి అసలు భయం. ఇన్నాళ్ళూ ఆవిడ భయమంతా డాక్టరు నమ్మడేమోనని. ఇప్పుడు నమ్మేశాడు. నమ్మి, అక్కడున్నదాన్ని లేదనుకుని వెళ్ళిపోతున్నాడు. రెండు రోజులు చూస్తానంటున్నాడు. ఇంకాస్త ఆలస్యం చేసి ఉంటే పగిలిపోయేదని రత్నానికి చెప్పిన మాట ఆవిడ చెవుల్లో పడింది. ఈ కాలిన తోలు కింద అది పగిలిపోతే, పగిలినట్టు కూడా ఎవరికీ తెలియదు. వాతకి చీము పట్టి చచ్చిపోయిందంటారు. కర్మకాండలు బ్రహ్మాండంగా చేస్తారు. చావు కూడా తనది కాకుండా పోతుంది.

తవిటయ్య వైపు చూసింది. చెప్పు, నువ్వు చెప్పు అని చూపుతోనే అడిగింది. అతనికి అర్థమైంది. అర్థమైందనడానికి ఒకటే గుర్తు, తల దించుకున్నాడు. చెడ్డవాడు కాదు తవిటయ్య. పెళ్ళాన్ని ఏనాడూ ఒక దెబ్బ కొట్టలేదు. కానీ దించిన తల ఎత్తలేదు.

డాక్టరు తలుపు దాకా పోయాడు. గంగాభవానికి హిందీ వచ్చు, బెంగాలీలో బేరాలూ వచ్చు. ఆ క్షణాన రెండూ నోటికి రాలేదు. కృపమ్మ చెయ్యి పట్టుకుంది.

"నాకు కొయ్యలేదప్పా," అంది. "అది నాకు తియ్యలేదు. నా లోపలే ఉన్నాది. డాక్టరుబాబుకి సెప్పు."

కృపమ్మ కదల్లేదు. ఆవిడ ఆ ఆస్పత్రిలో ముసలిదైన మనిషి, ఎవరి కార్డు మీద ఎవరు పడుకుంటారో ఆవిడకి ఒకరు చెప్పాలా? తవిటయ్య ముఖం చూసింది. మంచం మీదకి వంగి గుసగుసగా అంది, "ఏటంటన్నావో తెలిసే అంటన్నావా అమ్మా? నాను నోరిప్పితే మరి మూసుకోలేను."

"తెలిసే."

"నీ పెనిమిటి..."

"నాను సచ్చిపోతాను కృపమ్మా. నాకు బతకాలనున్నాది."

ఎన్నడూ ఎవరితోనూ అనని మాట అది. అన్నాక గంగాభవానికి సిగ్గేసింది, ఎవరి కంచంలోదో ముద్ద లాక్కున్నట్టు. కానీ వెనక్కి తీసుకోలేదు. కృపమ్మ నిట్టూర్చి, డాక్టరుని పిలిచి, బెంగాలీలో చెప్పింది. నాలుగు మాటలే చెప్పింది. ఆ నాలుగు మాటలకి తవిటయ్య గోడకి ఆనుకున్నాడు.

డాక్టరు వెనక్కి వచ్చాడు. ఈసారి కాలినచోటు జోలికి పోలేదు. ఎడమవైపు గట్టిగా అదిమి, చటుక్కున చెయ్యి వదిలేశాడు. అదిమింది ఎడమవైపు, ప్రాణం పోయింది కుడివైపు. ఆయన ముఖం మారిపోయింది. థియేటర్ సిద్ధం చేయమని గట్టిగా కేకేశాడు. తర్వాత తవిటయ్య వైపు తిరిగి, ఎనభై ఆరులో కోసింది ఎవరినో తర్వాత రాతపూర్వకంగా చెప్పాల్సి ఉంటుంది అన్నాడు. ఇప్పుడు మాత్రం, ఈమె నా భార్య, ఈమెకి ఇంతకుముందు ఏ ఆపరేషనూ జరగలేదు అని రాసి సంతకం పెట్టమన్నాడు. అది లేకుండా మత్తు ఇవ్వడానికి వీల్లేదు, ఆలోచించుకోవడానికి టైము లేదు.

తవిటయ్య కాగితం అందుకున్నాడు. ఆ రాత కింద సంతకం పెడితే ఎనభై ఆరు నాటి మోసానికి తన చేత్తోనే ఒప్పుకున్నట్టు. గంగాభవాని ఊపిరి బిగబట్టి చూసింది. అతను పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడనిపించింది, నిజానికి ఎంతసేపో. ఆ కొద్దిసేపట్లో ఆవిడ భయపడినంత ఇనుము కాల్చినప్పుడు కూడా భయపడలేదు. తర్వాత అతను రాశాడు. సంతకం పెట్టాడు.

పెట్టి, మంచం పట్టీ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఏడవగా ఆవిడ చూడడం అదే మొదలు. ట్రాలీ తెచ్చి ఆవిడని ఎత్తి పడుకోబెట్టారు. అతను ఏడుస్తూనే పక్కన నడిచాడు. ఉద్యోగం పోతుందని ఏడుస్తున్నాడో, తను పోతుందని ఏడుస్తున్నాడో గంగాభవానికి తెలియలేదు. అడుగుదామని నోరు తెరిచింది. ఏ జవాబు వస్తుందోనని భయం వేసి, థియేటర్ తలుపులు మూసేదాకా అతని ముఖం చూస్తూ ఊరుకుంది.